స్టేడియం సంగతి తర్వాత, ముందు ఆ రసీదు తీయండి

ప్రశ్న: అమలాపురం దగ్గర మా నలభై సెంట్ల కొబ్బరి తోటను స్టేడియం కోసం ప్రభుత్వం సేకరించింది. మా నాన్న నాటిన చెట్లు. పరిహారం చాలా తక్కువ ఇచ్చారు. పది నెలల క్రితం అవార్డు (పరిహారం ఖరారు చేస్తూ కలెక్టర్ ఇచ్చే ఉత్తర్వు) వచ్చింది, ఆ వారమే డబ్బు తీసుకున్నాం. ప్రజల సొమ్ముతో కట్టే ఆ స్టేడియాన్ని ఇప్పుడు లీగ్ మ్యాచ్‌ల కోసం ప్రైవేటు వాళ్లకు లీజుకిస్తారట. హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయవచ్చా? పాత తేదీతో అభ్యంతరం అర్జీ రాసి ఉంచుకుంటే పనికొస్తుందని ఒక డాక్యుమెంట్ రైటర్ అంటున్నారు. - ఒక రైతు, కోనసీమ

జవాబు: మీ ఉత్తరంలో చెట్ల గురించి ఒక పేజీ ఉంది. డబ్బు తీసుకున్న రోజు ఏ కాగితం మీద సంతకం పెట్టారో ఒక్క ముక్క లేదు. మీ కేసు నిలవాలన్నా పోవాలన్నా అక్కడే.

2013 భూసేకరణ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని చెప్పకుండా పరిహారం తీసుకున్నవారు ఎక్కువ ఇమ్మని 64వ సెక్షన్ కింద అర్జీ పెట్టుకోలేరు. చదవకుండా సంతకం పెట్టి ఉంటే తప్పు మీదే. అయితే డబ్బు తీసుకునే ముందే రేటు చాలదని రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే, దాన్ని పట్టుకుని వాదించవచ్చు.

ఇక ఆ 64 అర్జీకి గడువు. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందాక ఆరు వారాలు, లేదా అవార్డు నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. ఏ లెక్కన చూసినా గడువు దాటిపోయింది. తగిన కారణం చూపితే కలెక్టర్ ఆ తర్వాత మరో ఏడాది వరకు అర్జీ తీసుకోవచ్చు. ఆరోజు మీరు అక్కడ ఉండి ఉంటే మిగిలింది మూడు నెలల చిల్లరే.

పాత తేదీ అర్జీ జోలికి వెళ్లకండి. ఆఫీసు ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఆ తేదీన మీ అర్జీ ఉండదు. మొదటి వాయిదాలోనే బయటపడుతుంది. పరిహారం మాట దేవుడెరుగు, ఫోర్జరీ కేసులో ముద్దాయి అవుతారు. ఆ సలహా ఇచ్చినాయన కోర్టుకు రాడు.

పిల్ విషయం. క్రీడా ప్రాజెక్టును ఆ చట్టమే ప్రజా ప్రయోజనాల్లో చేర్చింది. ఖజానా డబ్బు స్టేడియానికి పెట్టాలా, కాలువల పూడికకు పెట్టాలా అన్నది విధాన నిర్ణయం, కోర్టులు అందులో సాధారణంగా తలదూర్చవు. పైగా సొంత నష్టం ఉన్నవారి పిల్‌ను అనుమానంగా చూస్తారు. లీజు మాట మాత్రం వదలొద్దు. అద్దె ఎంత, ఎన్నేళ్లకు, నిర్వహణ ఖర్చు ఎవరిదో సమాచార హక్కు కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది ఊరందరి హక్కు. దాన్ని మీ పరిహారం ఫైలుతో కలపకండి.

ఈ వారమే ఆర్డీవో ఆఫీసులో అవార్డు, చెల్లింపు రసీదు నకళ్లకు దరఖాస్తు పెట్టండి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర భూసేకరణ నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్ల దస్తావేజుల నకళ్లు తీయించండి. చుట్టుపక్కల అదే రకం భూమి అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం తీసుకుని సగటు కట్టాలన్నది చట్టం. చెట్ల విలువ వేరుగా కట్టాలి. కాయ దింపు లెక్కల పుస్తకం, వ్యాపారి చీటీలు ఉంటే అవే సాక్ష్యం.

64 దారి మూసుకుపోయినా 73వ సెక్షన్ ఉంది. అదే నోటిఫికేషన్‌లో పక్క రైతుకు అథారిటీ (ఈ చట్టం కింద పరిహారం తగాదాలు తేల్చే సంస్థ) పరిహారం పెంచితే, ఆ తీర్పు నుంచి మూడు నెలల్లో మీరూ కలెక్టర్‌కు అర్జీ ఇవ్వవచ్చు. మీతో పాటు భూమి పోయినవారిలో ఎవరు 64 కింద వెళ్లారో కనుక్కుని ఆ కేసు నంబరు రాసి పెట్టుకోండి. ఏ అర్జీ ఇచ్చినా రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా ఇంటికి రావద్దు.