సంక్రాంతికి అత్తారింట్లో నాలుగు రోజులు, పొయ్యి ఎక్కనివే తిని ఉండటం కుదురుతుందా?

మీ ప్రశ్న మా ఆవిడకి చదివి వినిపించాను. నాలుగు నెలలుగా వండనివే తింటున్నారు, పండక్కి నాలుగు రోజులు అత్తారింట్లో ఉండాలి, ఇంటినిండా చుట్టాలు, ఎవరూ నొచ్చుకోకుండా ఎలా నెట్టుకురావాలి అని కదా మీరడిగింది. తను నవ్వేసి, "ముందు నీ మొదటి సంక్రాంతి సంగతి చెప్పు, సలహాలు తర్వాత" అంది. సరే, ఆ పరువు తక్కువ కథ నుంచే మొదలుపెడతాను.

మాది వరంగల్, అత్తారిల్లు మండపేట దగ్గర పల్లెటూరు. గోదావరి జిల్లాల్లో అల్లుడికి చేసే మర్యాద గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారని టీవీల్లో వచ్చింది కదా, మా వాళ్ళు అంత చేయరు గానీ ఆ స్ఫూర్తికి మాత్రం లోటుండదు. అలాంటి ఇంటికి నేను ఒక్క ముక్క ముందు చెప్పకుండా, బ్యాగులో డబ్బాడు పెసర మొలకలు పెట్టుకుని బయల్దేరాను.

ఆ మొలకల గతేంటంటే, హైదరాబాద్‌లో సాయంత్రం మూత బిగించిన డబ్బా, పండగ ట్రాఫిక్‌లో బస్సు గంటలకి గంటలు టోల్ గేట్ల దగ్గర ఆగిపోయి, మర్నాడు పదింటికి గానీ తెరవలేదు. మూత తీస్తే వేలికి జిగురు తగిలింది, పులిసిన వాసన. పారేయడానికి మనసొప్పక రెండుసార్లు కడిగి తినేశాను. భోగి రోజంతా ఏ గదిలో గడిచిందో మీరే ఊహించుకోండి. ఇక చుట్టాలకి ఇంతకంటే ఏం కావాలి, "పచ్చివి తింటే అంతే మరి" అని వచ్చినవాళ్ళందరూ ఒక్కో మాట అని వెళ్ళారు. తప్పు పచ్చివి తినడంలో లేదు, నేను పాడైనవి తినడంలో ఉంది, కానీ ఆ పరిస్థితిలో అది వాదించే మొహం నాకు లేదు.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. సంక్రాంతి భోజనాలు, అరిటాకులు పరిచారు, పులిహోర, బొబ్బట్లు, గుమ్మడికాయ దప్పళం, చిక్కుడుకాయ కూర, ఇంకా నాకు పేర్లు తెలియనివి. వడ్డిస్తున్న ప్రతివాళ్ళకీ రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టేశాను. నా ఆకులో ఒక మూల నాలుగు దోసకాయ ముక్కలు, అరటిపండు, మిగతాదంతా పచ్చగా ఖాళీ. అత్తయ్యగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేసిన వంటలవన్నీ. ఆవిడ గిన్నె చేత్తో పట్టుకునే నిలబడి, "ఏమైనా ఉప్పు ఎక్కువైందా బాబూ?" అనడిగారు. అంతే. కోప్పడి ఉంటే బాగుండేది. తిరుగు ప్రయాణంలో మా ఆవిడ సూర్యాపేట దాకా నాతో మాట్లాడలేదు.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, మనం తిండి వద్దంటున్నాం అనుకుంటాం, వాళ్ళకేమో వాళ్ళనే వద్దన్నట్టు వినపడుతుంది. ఆకు ముందు కూర్చున్నాక చెప్పే "వద్దు" ఎంత మెత్తగా చెప్పినా చేదే. చెప్పేదేదో పది రోజుల ముందు ఫోన్లో చెప్పాలి, అదీ మీ ఆయనతో చెప్పించకుండా మీరే, నేరుగా మీ అత్తగారికి. రెండో ఏడాది నేను అదే చేశాను. "డైట్" అన్న మాట వాడలేదు, ఆ మాట వింటేనే పెద్దవాళ్ళకి ఒళ్ళు మంట. "అత్తయ్యగారూ, నేను కొన్నాళ్ళుగా పొయ్యి మీద పెట్టనివే తింటున్నాను, ఒంటికి బాగుంది, కొబ్బరి, దోసకాయలు, క్యారెట్, జామకాయలు ఉంటే చాలు, పోయినసారి చెప్పకుండా వచ్చి మిమ్మల్ని కష్టపెట్టాను" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత "ముల్లంగి తింటారా?" అన్నారు. ఆ ప్రశ్నతో సగం గొడవ తీరిపోయింది.

డాక్టర్ వద్దన్నాడని అబద్ధం చెప్పమని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. పాతిక మంది మధ్య అది నిలవదు. ఏ డాక్టరు, ఏ టెస్టు, రిపోర్టులు తెచ్చావా, మా తోడల్లుడి కొడుకు కూడా డాక్టరే అంటూ సాయంత్రానికల్లా మిమ్మల్ని రోగిని చేసి మంచం మీద కూర్చోబెడతారు.

ఇక వంటగది. నాకు ఆలస్యంగా తెలిసిందేంటంటే మన వంటల్లో చాలావరకు పోపు పడేదాకా పచ్చివే. పెరుగు పచ్చడి, కొబ్బరి పచ్చడి, దోసకాయ ముక్కల పచ్చడి, క్యారెట్ కోరులో నిమ్మకాయ పిండింది, ఇవన్నీ పోపు పెట్టే ముందు ఒక గిన్నెలో మీకు తీసిపెట్టుకుంటే వేరే వంట అక్కర్లేదు, "దీని కోసం మళ్ళీ విడిగా చేయాలా" అన్న విసుగూ ఎవరికీ ఉండదు. (పెరుగు మరిగించిన పాలదేగా అంటారా, అవును, కొందరు అందుకే మానేస్తారు. 46, 48 డిగ్రీలకి మించి వేడి తగలకూడదన్న లెక్క దగ్గర పెట్టుకుని తినేవాళ్ళు బెల్లం కూడా ముట్టరు, చెరకు రసం మరిగిస్తేనే కదా బెల్లం. నేను ఇంట్లో ఉన్నప్పుడు కొంచెం గట్టిగానే పాటిస్తాను, పండక్కి ఈ రెండూ వదిలేస్తాను.)

మా అత్తారింట్లో నన్ను నిలబెట్టింది మాత్రం మా వైపు పచ్చిపులుసు. చింతపండు నానబెట్టి చల్లనీళ్ళలో పిసికి, ఉల్లిపాయ సన్నగా తరిగి, పచ్చిమిరపకాయలు ఉప్పుతో కలిపి చేత్తోనే నలిపి, కొత్తిమీర, ఇంత బెల్లం, దంచిన నువ్వులు. మిరపకాయలు కాల్చి వేస్తారు మా ఇంట్లో, నేను కాల్చకుండా వేశాను, పోపు పెట్టలేదు. ఆ చేత్తో తర్వాత కన్ను నలుపుకోకండి, అనుభవంతో చెప్తున్నాను. అల్లుడు వంటగదిలోకి రావడమే ఆ ఇంట్లో వింత, అందులో స్టవ్ వెలిగించకుండా పులుసు చేస్తుంటే పిల్లలు చుట్టూ మూగారు. మావయ్యగారు వేడన్నంలో రెండు గరిటెలు పోసుకుని, ఏమీ అనకుండా మూడో గరిట కోసం గిన్నె తనవైపు లాక్కున్నారు. నేను వాళ్ళవి తినకపోయినా వాళ్ళు నాది తిన్నారు, దాంతో లెక్క సరిపోయినట్టయింది.

అరిసెల దగ్గర ఇంకో ముచ్చట. మీకు తెలిసిందే, నానబెట్టిన బియ్యం వడేసి దంచిన తడిపిండినే పాకంలో కలుపుతారు. పాకం తీగ సాగుతోంది, అందరి కళ్ళూ గిన్నె మీదే ఉన్నాయి, అత్తయ్యగారు పిండిలోంచి ఒక గుప్పెడు పక్కకి తీసి, అందులో తురిమిన బెల్లం, కొబ్బరి కోరు, యాలకుల పొడి వేసి, అరచేతిలో ముద్ద చేసి బొటనవేలితో నొక్కి చపటాగా అరిసెలా చేసి, పైన నువ్వులద్ది నా చేతిలో పెట్టారు. "ఇదిగోండి, మీ పచ్చి అరిసె." ఏముంది, అది పచ్చి చలిమిడే. ఆ రోజుకారోజు తినేయాలి, నిలవ ఉంచకూడదు. అప్పుడు అనిపించింది, నాగుల చవితికి పుట్ట దగ్గర పెట్టేది చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, శ్రీరామనవమికి పానకం, వడపప్పు, ఉగాదికి పచ్చడి, వీటికి పొయ్యితో పనేముంది? మీ అత్తగారికి ఈ పేర్లు చెప్పండి. కొత్తగా ఏదో విదేశీ సలాడ్ తింటున్నారనుకునేవాళ్ళు కాస్త మెత్తబడతారు. సంక్రాంతి రోజుల్లో దొరికేవి కూడా తక్కువేం కాదు, రేగుపళ్ళు, చెరకు, జామకాయలు, ఉసిరికాయలు, పచ్చి శనగలు, మా వైపుకంటే అక్కడ బాగా దొరికే బుర్రగుంజు (మొలకెత్తిన తాటి టెంకలో ఉండే తెల్ల గుంజు). తేగలు మాత్రం ఉడికించినవో కాల్చినవో కాబట్టి నోరు కట్టుకోవాల్సిందే.

ఆకు విషయంలో చిన్న కిటుకు. మన దగ్గర ఆకులో ఖాళీ కనబడితే వడ్డించేవాళ్ళ చేయి ఆగదు. కాబట్టి బంతిలో అందరితోపాటే కూర్చుని, మీవి ముందే ఆకు నిండా పరిచేసుకోండి. రంగురంగులుగా నిండిన ఆకు దగ్గర ఎవరూ ఆగరు. ఇంకోటి, తినేటప్పుడు ఎవరు ఎందుకని అడిగినా రెండు ముక్కల్లో ముగించండి. పక్కవాడు బొబ్బట్టు మీద నెయ్యి వేసుకుంటుంటే ఎంజైముల గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి నేనూ భరించలేను, మొదటి ఏడాది ఆ పని చేసింది నేనే అయినా.

ఇప్పుడు నేను అల్లుణ్ణి కాబట్టి ఇవన్నీ చెల్లాయని, కోడలికి అంత తేలిక కాదని మా ఆవిడ పక్కనుంచి అంటోంది. నిజమే. తను చెప్పినవి తన మాటల్లోనే రాస్తున్నాను: "వండను, తినను అంటే పని ఎగ్గొట్టడానికి అనుకుంటారు. కూరలు తరగడం, కొబ్బరి కోరడం, జంతికలు వత్తడం, ఏదో ఒకటి ముందే మీద వేసుకోండి. ఖాళీ కడుపుతో మూకుడు ముందు నిలబడకండి, ముందు రెండు అరటిపళ్ళు, గుప్పెడు నానబెట్టిన పల్లీలు తినేసి నిలబడండి. మీ తోడికోడలు ఎదురుగా అత్తగారితో దీని గురించి మాట్లాడకండి." ఆఖరిది ఎందుకన్నదో నేనడగలేదు.

మావయ్యగారితో మాత్రం ఒకసారి వాదనకి దిగాను. 1929లో గాంధీగారు ఆంధ్రదేశం తిరిగినప్పుడు రాజమండ్రిలో సుందరం గోపాలరావుగారనే ఆయన, నిప్పు తగలని తిండే తినమని చెబితే, గాంధీగారు నిజంగానే మొదలుపెట్టి, తన పత్రిక యంగ్ ఇండియాలో దాని గురించి రాశారు కూడా. మీ రాజమండ్రి నుంచి వచ్చిందే కదండీ ఇది అని గొప్పగా చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోన్లో చాలాసేపు వెతికి, "కొద్ది నెలలకే ఒంటికి పడక మానేశారంట కదండీ, అది చెప్పలేదేం?" అన్నారు. రిటైర్డ్ టీచర్లతో పెట్టుకోకూడదు.

అది గుర్తొచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇది ఏళ్ళ తరబడి నూటికి నూరుపాళ్ళూ చేయమని నేనెవరికీ చెప్పను. మొదటి ఏడాది నేను మరీ చిక్కిపోయాను. ఇప్పుడు పగలంతా పచ్చివి, మామూలు రోజుల్లో రాత్రికి ఒక పూట వండింది తింటున్నాను. మొక్కల నుంచి వచ్చే తిండిలో బీ12 ఉండదు, పాలూ పెరుగూ కూడా మానేసి ఉంటే టాబ్లెట్ విషయం డాక్టర్‌ని అడగండి. షుగర్ మందులు వాడుతుంటే చెరకు, పళ్ళ మీద పడే ముందు కూడా అడగండి. మొలకలు ప్రయాణంలో వద్దేవద్దు, వెచ్చగా తడిగా ఉండే చోట మొలకతోపాటు సూక్ష్మక్రిములూ పెరుగుతాయి, గర్భిణులకీ చిన్నపిల్లలకీ వయసు మళ్ళినవాళ్ళకీ పచ్చి మొలకలు పెట్టకపోవడమే మంచిది. అక్కడే నానబెట్టుకోండి, పెసరపప్పు గంటలో నానుతుంది. పచ్చివన్నీ తినేవి కావు, కర్రపెండలం, రాజ్మా ఉడకనివి విషమే. మా బామ్మర్ది పందెం వేసి "బావా, అన్నీ పచ్చివే తింటావుగా, ఇది తిను చూద్దాం" అని కంద ముక్క చేతిలో పెట్టాడు. నాలిక్కి తగిలించానంతే, అందులో ఉండే సన్నటి స్ఫటికాలు సూదుల్లా గుచ్చుకుంటాయట, గంటసేపు చింతపండు చప్పరిస్తూ కూర్చున్నాను.

ఒక మినహాయింపు ముందే అనుకుని వెళ్ళండి, అక్కడికెళ్ళాక ఎవరో బతిమాలితే ఇచ్చేది కాకుండా. నాది కనుమ నాటి గారె. కనుమ నాడు మినుము తినాలంటారు, నేను ఒకే ఒక్క గారె, అత్తయ్యగారి చేత్తో మూకుట్లోంచి తీసింది, అల్లం పచ్చడితో అక్కడే నిలబడి తింటాను. రెండోది అడగరు, అడిగినా తినను. ఆ ఒక్కటీ తిన్నందుకు నా డైట్ ఎక్కడికీ పోలేదు.

మీ ప్రయాణం పన్నెండో తారీఖు అని రాశారు. ఇంకా టైముంది, ఇవాళ సాయంత్రం ఆవిడ పని తీరిక చూసి ఫోన్ చేసేయండి. బ్యాగులో కొబ్బరి కోరాము ఒకటి పెట్టుకోండి, పండగ రోజుల్లో ఆ ఇంట్లో ఉన్న ఒక్కటీ మీకు ఖాళీ దొరకదు.