ఎగశ్వాసను ఊపిరిగా లెక్కించవచ్చా?

శిక్షణ పరీక్షలో, స్పృహలేని వ్యక్తి అప్పుడప్పుడు నోరు తెరిచి గాలి పీలుస్తున్నట్లు చెప్పగా, శ్వాస ఉందనుకొని మీరు పక్కకు తిప్పి పడుకోబెట్టారని, శిక్షకులు దానిని తప్పుగా లెక్కించారని, కారణం తెలియలేదని రాశారు. శిక్షకుల నిర్ణయం సరైనదే. అది ఎగశ్వాస. గుండె ఆగిన తొలి నిమిషాలలో దవడ కదులుతుంది, గురక వంటి శబ్దం కూడా రావచ్చు, అయితే అది శరీరానికి సరిపోయే శ్వాస కాదు.

పిలిచినా పలకని వ్యక్తి ఛాతీని గమనిస్తూనే, కంఠమణి పక్కనున్న గాడిలో రెండు వేళ్లు ఉంచి మెడ నాడిని చూడండి. ఈ రెండింటికీ కలిపి 10 సెకన్లు మించకూడదు. నాడి ఉందో లేదో తేల్చుకోలేకపోతే లేదనే భావించి సీపీఆర్ (ఛాతీని నొక్కుతూ, మధ్యమధ్యలో శ్వాస ఇవ్వడం) మొదలుపెట్టాలి, ఎందుకంటే అనవసరంగా నొక్కడం వల్ల కలిగే హాని కంటే ఆలస్యం వల్ల కలిగేదే ఎక్కువ. పెద్దవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ, ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు ఇవ్వాలి; ఏఈడీ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) రాగానే అమర్చాలి. అలసిన చేతులు తమకు తెలియకుండానే ఛాతీపై బరువు మోపుతాయి, అప్పుడు ఛాతీ పూర్తిగా పైకి లేవదు; అందుకే 2 నిమిషాలకొకసారి నొక్కేవారు మారాలి.

నాడి స్పష్టంగా ఉండి శ్వాస మాత్రమే సరిగా లేనప్పుడు 6 సెకన్లకొక శ్వాస ఇస్తూ, 2 నిమిషాలకొకసారి నాడి చూడాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టడం మామూలుగా శ్వాసిస్తున్నవారికే.