మొండి బోల్టుకి మంట పెట్టే ముందు పానా సైజు చూడండి

'పాత అంబాసిడర్ ముందు చక్రాలకు డ్రమ్ములు తీసి డిస్క్ బ్రేకులు వేయిస్తున్నాను, డ్రమ్ము వెనక ఉండే బ్యాక్‌ప్లేట్ బోల్టులు కదలడం లేదు, గ్యాస్‌తో కోయించేయనా?' అని ఒకరు అడిగారు. దయచేసి కోయించకండి. ఆ బోల్టులు బిగిసి ఉన్నది స్టబ్ యాక్సిల్‌కి. మంట కాస్త పక్కకి జారితే పాడయ్యేది చక్రాన్ని మోసే ఇనుము.

మాది భీమిలి. నాన్నగారి మార్క్ ఫోర్ అంబాసిడర్‌ని నలభై ఏళ్ళ ఉప్పుగాలి తినేసింది. అనంతగిరి ఘాట్ దిగుతుంటే ఒకసారి డ్రమ్ములు కాగిపోయి, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగలేదు. వెనక సీట్లో అమ్మ ఉంది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి ఎలాగో ఆపాను. ఇంటికి రాగానే డిస్కులు వేయించాలని నిర్ణయించేసుకున్నాను.

షెడ్డులో కుర్రాడు కుడివైపు ఎలాగో ఊడదీశాడు. ఎడమవైపు చివరి బోల్టుకి పదిహేను మిల్లీమీటర్ల పానా వేసి, దానికి గజం పొడుగు పైపు తగిలించి లాగాడు. టక్కున జారింది. చూస్తే బోల్టు తల మూలలన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. అంబాసిడర్ పుట్టుక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు, దాని బోల్టులు అంగుళాల లెక్కవి. ఆ బోల్టు తల తొమ్మిది బై పదహారు అంగుళం, అంటే 14.3 మిల్లీమీటర్లు. పద్నాలుగు పానా ఎక్కదు, పదిహేను వదులు. అర అంగుళం తలకి పదమూడు పానా వేసినా ఇదే గొడవ. బోల్టులు మొండివి అవడానికి సగం కారణం తుప్పు కాదు, ఈ పానాలే అని నా గట్టి నమ్మకం. ఇప్పటి షెడ్డుల్లో స్కానర్లు ఉంటాయి గానీ, అంగుళాల సాకెట్ సెట్టు అడిగితే మొహం చూస్తారు. పాత బండి ముట్టుకునేవాడు ముందు అది కొనుక్కోవాలి.

మా వీధి చివర ఉండే పెద్ద మేస్త్రి గారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన బోల్టుని వేలితో తడిమి, 'తొందరపడకు బాబూ, రాత్రికి నూనె తాగనీ' అన్నారు. అసిటోన్, గేర్ ఆయిల్ కలిపి చుక్కలు చుక్కలుగా వేశారు. పొద్దున్నే వచ్చి అరిగిన తల మీదకి ఆరు మూలల పద్నాలుగు సాకెట్‌ని సుత్తితో దిగ్గొట్టారు. పన్నెండు మూలలది అయితే మళ్ళీ జారేది. సాకెట్ తీసి, బోల్టు దిగిన చోట చుట్టూ బ్లోల్యాంపుతో కాచారు, ఎర్రబడేదాకా కాదు. మంట తీసేసి కొవ్వొత్తి ముక్క ఆనించారు. మైనం కరిగి మరల్లోకి జరజరా పీల్చుకుపోయింది. మళ్ళీ సాకెట్ ఎక్కించి, విప్పే వైపు కాకుండా ముందు కాస్త బిగించే వైపు తిప్పారు. కిర్రుమంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత పావు తిప్పు వెనక్కి, కొంచెం ముందుకి, మళ్ళీ వెనక్కి, అలా ఇరవై నిమిషాలు. బయటికొచ్చిన బోల్టు మరల నిండా కుంకుమలాంటి తుప్పు, మధ్యలో మైనం చారలు.

మంట పెట్టేముందు రబ్బరు హోసు, గ్రీజు తీసేయండి. బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన చోట మాత్రం అస్సలు మంట పెట్టకండి, కొన్ని క్లీనర్లు కాగితే విషవాయువు వస్తుంది. పాత బ్రేకు లైనింగు దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి. బ్రేకు పైపు నట్టు రాకపోతే దాంతో కుస్తీ వద్దు. పైపు ఎలాగూ మారుస్తారు, కోసేసి నట్టు మీద సాకెట్ దించండి. బోల్టు విరిగితే, విరిగిన ముక్కని బయటికి తిప్పే ఈజీ అవుట్ అనే పనిముట్టు జోలికి వెళ్ళకండి. అది లోపల విరిగిందంటే డ్రిల్లు బిట్టు కూడా దిగదు. మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించి తిప్పండి.

ఊడిన బోల్టులు తిరిగి వేయకండి. అవే మరలకి సరిపోయే కొత్త హైటెన్సిల్ (గట్టి ఉక్కు) బోల్టులు తెచ్చుకోండి, పాత బోల్టు ఒకటి జేబులో వేసుకుని షాపుకి వెళ్ళండి.