ఫెన్సింగ్ వైరు దగ్గర పది డాలర్లు మిగుల్చుకోవద్దు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. కాజీపేట నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది, బాబుకు 11 ఏళ్లు, ఫెన్సింగ్‌లో ఫాయిల్ అనే రకం కత్తి నేర్చుకుంటున్నాడు, కోచ్ బాడీ కార్డ్ (కత్తి నుంచి చొక్కా లోపలగా వెళ్లే వైరు) కొనమన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే టూ ప్రాంగ్ అని, బేయొనెట్ అని రెండు రకాలు, 12 డాలర్ల నుంచి 40 దాకా ధరలు. ఏది తీసుకోవాలో తోచడం లేదన్నావు. పదమూడేళ్ల కింద నేనూ ఇదే దగ్గర ఆగిపోయాను, అప్పుడు చెప్పేవాళ్లు లేరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఇంటికి ఫోన్ చేసి సర్దిచెప్పు. మా పాప ఎలక్ట్రిక్ ఫెన్సింగ్‌లో చేరిందని చెప్పగానే నర్సంపేటలో మా అమ్మ ఏడుపందుకుంది. "పిల్లకు కరెంటు వైరు కడ్తున్నవా బిడ్డా? అడవి పందులకు పెట్టిన తీగ తాకి మనుషులే పోతున్నరు గద!" అంది. ఆమె తప్పేం లేదు. మన దిక్కు ఫెన్సింగ్ అంటే మక్క చేను చుట్టూ తీగే. ఇది కత్తి ఆట అనీ, పొడిచింది లైటుతో చూపించే మెషిన్ నడిచేది 12 వోల్టుల మీద అనీ, షాకు కొట్టదనీ వీడియో కాల్‌లో వైరు చూపించి చెప్పాకే ఊరుకుంది. మన భవానీ దేవి టోక్యో ఒలింపిక్స్‌లో ఆడినప్పుడు నేనే లింకు పంపాను, చూసి ఇంకా ధైర్యం తెచ్చుకుంది.

ఇక వైరు సంగతి. కోచ్ బాడీ కార్డ్ అంటాడు, నేను వైరు అనే అంటాను. రిఫరీ చూపించే ఎల్లో కార్డు, రెడ్ కార్డు గొడవ కూడా ఈ ఆటలోనే వస్తుంది కాబట్టి కలగాపులగం కాకుండా ఉంటుంది. ఈ వైరు ఒక చివర కత్తికి తగులుకుంటుంది, చేతి చొక్కా లోపలి నుంచి వీపు మీదుగా నడుము దగ్గర బయటికి వచ్చి, మూడు పిన్నుల ప్లగ్గుతో, మెషిన్‌కు కలిపే తీగ చుట్టి ఉండే రీలుకు తగులుకుంటుంది. పిన్నుల మధ్య దూరం ఒక పక్క 15, ఇంకో పక్క 20 మిల్లీమీటర్లు, అందుకే తిరగేసి పెట్టలేం. అక్కడే ఒక క్రొకోడైల్ క్లిప్పు, అది పైన వేసుకునే లామే (లోహపు పోగులతో నేసిన) జాకెట్‌కు పట్టాలి. మాస్కుకు వేరే చిన్న వైరు, దానికి రెండు పక్కలా క్లిప్పులే.

నేను 2006లో న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాను. పాప ఫెన్సింగ్ మొదలుపెట్టేనాటికి ఇంటి లోను, కారు లోను, మన దగ్గర చెల్లెలి పెళ్లి అప్పు, అన్నీ నెత్తి మీదే ఉన్నాయి. ప్రతి డాలర్‌నూ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి. క్లబ్బు ఫీజు కడుతూనే గుండె దడదడలాడేది. కాబట్టి వైరు దగ్గర మిగుల్చుకుందామనుకున్నా. సేల్‌లో ఉందని టూ ప్రాంగ్ కొన్నాను. తీరా చూస్తే పాప కత్తికి ఉన్నది బేయొనెట్ సాకెట్. ప్యాకెట్ చించేశాను కాబట్టి వాపసు తీసుకోలేదు. ఆ డబ్బు అలా పోయింది.

రెండింటికీ తేడా ఇంతే. టూ ప్రాంగ్‌కు ఒకటి సన్నం, ఒకటి లావు, రెండు పిన్నులు. ఊడిపోకుండా కత్తి వైపు ఒక క్లిప్పు పట్టుకుంటుంది. బేయొనెట్ మన ఇళ్లలో హోల్డర్‌లో బల్బు పెట్టినట్టే, నొక్కి తిప్పితే లాక్ పడుతుంది. ఏది గొప్ప, ఏది తక్కువ అని జనం వాదించుకుంటారు, ఆ వాదనలోకి నువ్వు దిగకు. మీ క్లబ్బులో ఎక్కువ మంది పిల్లల దగ్గర ఏదుంటే అదే తీసుకో. అవసరం పడ్డ రోజు పక్క పిల్లాడి వైరు అడిగి పెట్టుకోవచ్చు. ఒకసారి ఒక రకం మొదలుపెట్టాక రెండో కత్తి, మూడో కత్తి కూడా అదే సాకెట్‌తో కొను.

నా రెండో తప్పు ఇంకా పెద్దది. చవగ్గా వస్తున్నాయని మూడు వైర్లు ఒకేసారి తెప్పించాను. ప్లగ్గులు మూసేసి పోతపోసినవి, స్క్రూలు లేవు. అవి వేసుకుని పక్క రాష్ట్రంలో టోర్నమెంటుకు వెళ్లాం. ఎంట్రీ ఫీజు, రెండు రాత్రుల హోటలు, పెట్రోలు, తిండి కలిపి 600 డాలర్లు దాటింది. పూల్‌లో (మొదటి రౌండులో) మూడో బౌట్. రిఫరీ టెస్ట్ చేయగానే మొదటి వైరు పనిచేయలేదు, ఎల్లో కార్డు. రెండో వైరుతో ఆడి 4-3 లో ఉంది, ఇంకొక్క పాయింటు చాలు. ఎవరూ పొడవకుండానే, పోటు లామే బయట తగిలిందని చెప్పే తెల్ల లైటు వెలగడం మొదలైంది. ఆట ఆపారు. మూడో వైరు పెట్టింది, అదీ పనిచేయలేదు. రెడ్ కార్డు, అవతలి అమ్మాయికి ఒక పాయింటు, 4-4. ఎవరో అరువిచ్చిన వైరుతో ఆడింది కానీ పాప చేయి వణికిపోయింది, ఆ చివరి పాయింటూ పోయింది. కార్డుల రూల్సు మారుతుంటాయి, యూఎస్ఏ ఫెన్సింగ్ సైటులో చూసుకో. ఆ రోజు నాకు అర్థమైంది మాత్రం 15 డాలర్లు మిగుల్చుకోబోయి 600 పోగొట్టుకున్నానని.

ఆ రాత్రి హోటల్ గదిలో బ్లేడుతో ప్లగ్గు చీల్చాను. బయట వైరు కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. ప్లగ్గులోకి దూరే మెడ దగ్గర మాత్రం లోపలి రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, ఒక్కటొక్కటే తెగి, చివరికి వెంట్రుకంత ఒక్క పోగు మీద ఆగి ఉంది. ఇటు వంచితే అంటుకుంటుంది, అటు వంచితే విడిపోతుంది. అది చూడగానే మా నాన్న గుర్తొచ్చాడు. నర్సంపేటలో ఆయనది మోటార్ వైండింగ్ షాపు. యాసంగిలో బావి మోటార్లు ఎడ్లబండ్ల మీద వచ్చేవి. వైరు ఎక్కడ తెగిందని అడిగితే "మెడ కాడ చూడు, నడుమ ఎన్నడు తెగదు" అనేవాడు. ఆ ముక్క పెట్టుకుని కూడా నేను మెడ చూడకుండా ధర చూసి కొన్నాను.

ఫాయిల్‌లో కరెంటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, మొన 500 గ్రాముల బరువుతో నొక్కుకున్నప్పుడే తెగుతుంది. అందుకే వైరు తెగినా మెషిన్‌కు పొడిచినట్టే కనిపించి తెల్ల లైటు వెలుగుతుంది. ఎపీ అనే ఇంకో రకం కత్తిలో దీనికి తిరగబడి ఉంటుంది. నొక్కితేనే కరెంటు కలుస్తుంది, వైరు తెగితే నీవాడు పొడిచినా లైటే రాదు. రేపు బాబు ఎపీకి మారితే ఇది గుర్తుంచుకో.

కాబట్టి 25, 30 డాలర్ల మధ్యలో, స్క్రూతో విప్పుకునే ప్లగ్గు ఉన్నవి రెండు తీసుకో. ఒక్కటి చాలదు, చవకవి నాలుగూ వద్దు. ప్లగ్గు లోపల వైరు కనిపించేలా పారదర్శకంగా ఉంటే మేలు. మెడ దగ్గర వైరును గట్టిగా పట్టుకునే ఏర్పాటు ఉందా, పిన్నులు స్ప్రింగులా బిగువుగా ఉన్నాయా, క్రొకోడైల్ క్లిప్పు వైరుకు అతికించి ఉందా చూడు. ఆ క్లిప్పు పళ్లు వదులైతే లామే మీద జారిపోతూ ఉంటుంది, దాన్ని మార్చడం రెండు డాలర్ల పని.

ఒక మల్టీమీటర్ కూడా కొను. ఇది ఖర్చు అనుకోకు, నాకు ఎన్నో వైర్ల డబ్బు మిగిల్చింది. వైరు లోపలి ప్రతి తీగకూ ఈ చివర నుంచి ఆ చివరకు రెసిస్టెన్స్ 1 ఓమ్ దాటకూడదు. ముందు మీటర్ ముల్లులు రెండూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూసి, అది తీసేసి లెక్కపెట్టు. వైరును కదలకుండా టేబుల్ మీద పెట్టి చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. మెడ దగ్గర నాలుగు పక్కలా వంచుతూ చూడు, అంకె ఎగిరితే అక్కడే జబ్బు. స్క్రూ విప్పి, అంగుళం కోసేసి, పోగులు మెలేసి, స్క్రూ తిరిగే వైపే చుట్టి బిగించు. సోల్డరింగ్ చేయకు. నాన్న పద్ధతి అని నేను చేశాను, నెల తిరగకముందే సోల్డర్ గట్టిపడ్డ అంచు దగ్గర పుటుక్కున తెగింది. కదలని మోటార్‌కు అది నడుస్తుంది, పిల్లల చేతికి నడవదు.

ప్రాక్టీస్ అయ్యాక తడి చొక్కాలోనే వైరు వదిలేసి బ్యాగులో కుక్కడం బాబు అలవాటు అయి ఉంటుంది, ఏ పిల్లలైనా అంతే. చెమట ఉప్పే ఆ చిలుముకు కారణం. ఇంటికి రాగానే బయటికి తీసి వేలాడదీయమను. చేతికి బిగించి చుట్టనివ్వకు, వదులుగా చుట్టాలి.

ఇప్పుడు మా క్లబ్బులో వైర్లు పాడైతే కొత్తవి కొనరు, నా దగ్గరికి తెస్తారు. శనివారం పొద్దున ఏడెనిమిది వస్తాయి, ఒకటి పది నిమిషాల పని. మా పాప కాలేజీకి వెళ్లిపోయినా నేను మానలేదు. నువ్వూ ఈ రెండు నెలల్లో నేర్చుకోగలవు.

కొనే ముందు బాబు కత్తి గార్డు (పిడి ముందుండే గిన్నె) లోపల సాకెట్ ఫోటో తీసి నాకు పంపు. సేల్ అయిపోతుందని తొందరపడకు, వచ్చే నెల మళ్లీ పెడతారు.