బొమ్మల సినిమాల మీద రాసే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన రెండు రివ్యూలూ చదివాను. భాష బాగుంది, చదివించే గుణం ఉంది, సినిమా మీద ఇష్టం ప్రతి పేరాలో కనిపిస్తోంది. అందుకే నాలుగు మంచి మాటలు చెప్పి వదిలేయకుండా కాస్త వివరంగా రాస్తున్నాను.

"విజువల్స్ అదిరిపోయాయి. సెకండాఫ్‌లో కాస్త ల్యాగ్. పిల్లలతో కలిసి ఓసారి చూడొచ్చు." రెండు రివ్యూల్లోనూ ఈ మూడు వాక్యాలు దాదాపు ఇలాగే ఉన్నాయి. ఒకటేమో 'మహావతార్ నరసింహ' గురించి, ఇంకొకటి 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్' గురించి. కథలోగానీ, బొమ్మ గీసిన తీరులోగానీ, ఆ రెంటికీ ఎక్కడా పోలిక లేదు. రెంటికీ అతికే మాట రాశావంటే ఏ ఒక్కదాని గురించీ ఇంకా ఏమీ చెప్పలేదన్నమాటే.

యానిమేషన్ సినిమా గురించి రాసేవాడు ముందుగా మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది. అందులో ఏదీ దానంతట అది జరగదు. మామూలు సినిమా షూటింగ్‌లో గాలి వీస్తుంది, హీరోయిన్ జుట్టు మొహం మీద పడుతుంది, బాగుందని దర్శకుడు ఉంచేసుకుంటాడు. బొమ్మల సినిమాలో ఆ గాలి వీచాలని ఎవరో అనుకోవాలి. ఆ జుట్టు ఎటు పడాలో, ఎంతసేపట్లో పడాలో ఇంకెవరో కూర్చుని తేల్చాలి. తెర మీద కనిపించేదంతా ఎవరో ఒకరు కావాలని పెట్టిందే. మంచి చెడ్డలు ఎంచడమంటే ఆ నిర్ణయాన్ని పట్టుకోవడం, దానివల్ల సీనుకు ఏం ఒరిగిందో, ఏం పోయిందో చెప్పడం.

హయావో మియజాకి తీసిన 'మై నైబర్ టోటోరో' (1988) చూసే ఉంటావు. అందులో బస్టాపు సీను మళ్లీ చూడు. వాన పడుతోంది. సత్సుకి, చెల్లెలు మే, నాన్న కోసం గొడుగు తెచ్చి రోడ్డు పక్కన నిలబడ్డారు. బస్సు వస్తుంది, నాన్న దిగడు. చీకటి పడుతుంది. చెల్లెలికి నిద్ర ముంచుకొస్తే అక్క వీపున ఎక్కించుకుంటుంది. చాలాసేపు ఏమీ జరగదు. అప్పుడు గొడుగు అంచు కింద నుంచి, పక్కనే, పెద్ద గోళ్లున్న పాదాలు కనిపిస్తాయి. అడవిలో ఉండే పెద్ద బొచ్చు జీవి టోటోరో, నెత్తిన ఒక ఆకు పెట్టుకుని, వచ్చి నిలబడింది. ఆ పిల్ల కెవ్వున అరవదు. ఆకు కింద తడుస్తోందని చూసి, నాన్న గొడుగు దానికి ఇస్తుంది. గొడుగు మీద చినుకులు టపటపా పడుతుంటే దానికి సరదా పుడుతుంది. ఒక్క ఎగురు ఎగిరి దబ్బున నేల మీదికి దిగుతుంది. చెట్ల ఆకుల్లో నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారి జలజలా రాలతాయి.

కథ పరంగా చూస్తే ఇందులో ముందుకు జరిగింది చాలా తక్కువ. నీ రివ్యూ లెక్కన ఇది ల్యాగ్ కిందికి వస్తుంది. కానీ ఆలస్యంగా వచ్చే నాన్న కోసం ఎదురుచూడటం ఎంత పొడుగ్గా ఉంటుందో పిల్లలకు బాగా తెలుసు, మియజాకి ఆ పొడుగును కత్తిరించలేదు. ఒక్కో సెకను బొమ్మకూ అంత చాకిరీ ఉండే పనిలో, ఏమీ జరగని సెకన్లు అన్నేసి గీయించారంటే అది చూసుకోక జరిగింది కాదు, పట్టుబట్టి చేసిన పని. ఆ ఎదురుచూపు ఉంది కాబట్టే గొడుగు ఇవ్వడం అంత ముద్దుగా అనిపిస్తుంది. ఇంకో సంగతి, ఆ సినిమాలో విలన్ లేడు. అమ్మ ఆసుపత్రిలో ఉంది, ఆ దిగులు చాలు. పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాలంటే ప్రతి పది నిమిషాలకూ ఒక ఛేజింగ్ ఉండాలని నమ్మే నిర్మాతలు చాలామంది. ఆ నమ్మకం తప్పని రాయాల్సివస్తే నీ చేతిలో ఈ ఉదాహరణ ఉండాలి.

అలాగని నెమ్మదిగా నడిచే ప్రతి సీనూ గొప్పది కాదు. ల్యాగ్ అని రాసే ముందు నీకు నువ్వే ఒకటి అడుగు. ఈ సీను లేపేస్తే తర్వాత వచ్చేదాంట్లో ఏమన్నా తగ్గుతుందా? తగ్గితే అది ల్యాగ్ కాదు. తగ్గకపోతే మొహమాటపడకు, ఏ సీనో పేరు పెట్టి రాయి.

ఇక స్పైడర్‌వర్స్. "అక్కడక్కడా బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, టెక్నికల్‌గా ఇంకాస్త శ్రద్ధ పెట్టాల్సింది" అన్నావు. నీ కన్ను సరిగ్గానే పట్టింది, తీర్పు మాత్రం తొందరపడింది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ పెడితే కదలిక నున్నగా ఉంటుంది. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచితే సెకనుకు 12 బొమ్మలే పడతాయి, కదలిక కాస్త తెగినట్టు ఉంటుంది. కొత్తగా స్పైడర్‌మ్యాన్ అయిన మైల్స్, పాత స్పైడర్‌మ్యాన్ పీటర్ అడవిలో చెట్ల మధ్య ఊగుతూ పారిపోయే సీను మరోసారి వేసుకుని చూడు. ఏళ్లుగా ఈ పనిలో ఆరితేరిన పీటర్‌కి 24 బొమ్మలు. అప్పుడే నేర్చుకుంటున్న మైల్స్‌కి 12. ఒకే షాట్‌లో ఒకడు నీళ్లలా సాగిపోతాడు, ఇంకొకడు తడబడతాడు. పిల్లాడికి పని ఇంకా చేతికి రాలేదన్న సంగతి ఒక్క డైలాగు లేకుండా కంటికి తెలిసిపోతుంది. వాడు కుదురుకునేకొద్దీ కదలికా కుదురుకుంటుంది. నువ్వు లోపం అనుకున్నదే ఆ సినిమా చేసిన అందమైన పనుల్లో ఒకటి.

అయితే ఇదే పద్ధతిని ఖర్చు కలిసొస్తుందనీ వాడతారు. టీవీ కార్టూన్లలో అది ఎప్పటినుంచో ఉన్నదే. మరి ఏది కావాలని చేసింది, ఏది గతిలేక చేసింది అని ఎలా తెలుస్తుంది? తెగిన కదలిక అన్ని పాత్రలకూ, అన్ని సీన్లకూ ఒకేలా ఉండి, కథతో సంబంధం లేకుండా సాగిపోతే అది డబ్బు లెక్క అయ్యుండొచ్చు. పాత్రను బట్టి, సందర్భాన్ని బట్టి మారుతుంటే అది చెప్పదలచుకున్న మాట. రాసే ముందు రెండోసారి చూడమని నేను పదే పదే చెప్పేది ఇందుకే. మొదటిసారి కథ మనల్ని లాక్కుపోతుంది, చేతిపని కనపడదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఇస్తాను. 'ద లయన్ కింగ్' రెండు రూపాల్లో ఉంది. 1994లో చేత్తో గీసింది, 2019లో జాన్ ఫావ్రో కంప్యూటర్‌తో అచ్చం నిజం సింహాల్లా చేయించింది. సింబా చనిపోయిన తండ్రి దగ్గరికి వచ్చే సీను రెంటిలోనూ పక్కపక్కన పెట్టుకుని చూడు. మొదటిదాంట్లో ఆ పిల్ల సింహం కనుబొమలు, నోటి మూలలు, కళ్లలో నీళ్లు అన్నీ మనిషివి. తండ్రి చెవి పట్టి లాగుతుంది, లేవమంటుంది. ఇక లేవడని తెలిసి తండ్రి ముందుకాలి కిందికి దూరి పడుకుంటుంది. గుండె పిండేస్తుంది. రెండోదాంట్లో వెంట్రుక వెంట్రుకా నిజమే, దుమ్ము నిజమే, వెలుతురు నిజమే. నిజం సింహానికి మనిషిలా ఏడవడం రాదు కాబట్టి దీనికీ రాదు. గొంతు ఏడుస్తుంటుంది, మొహం ఊరికే చూస్తుంటుంది. అక్కడ పనిచేసినవాళ్ల నైపుణ్యానికి వంక పెట్టలేం. కానీ నిజంలా ఉండాలన్న నిర్ణయమే ఆ సీనులోంచి దుఃఖాన్ని తీసేసింది.

మన రివ్యూల్లో ప్లస్ పాయింట్స్, మైనస్ పాయింట్స్ అని రెండు వరసలు రాసే అలవాటు స్థిరపడిపోయింది. ఆ అలవాటు నీకు వద్దు. 2019 'లయన్ కింగ్'కు "విజువల్స్" ఏ వరసలో రాస్తావు? ఏ బలం ఏ బలహీనతకు దారితీసిందో చెప్పాలంటే పేరా రాయాల్సిందే.

ఫ్యామిలీ సినిమా అన్న మాట కూడా కాస్త ఆలోచించి వాడు. పిల్లలకు కొన్ని జోకులు, పెద్దలకు కొన్ని జోకులు కలిపేస్తే అది ఫ్యామిలీ సినిమా అయిపోదు. అలాంటి సినిమా చూస్తున్నప్పుడు పిల్లలు నవ్వినచోట పెద్దలు ఫోను చూసుకుంటారు, పెద్దలు నవ్వినచోట పిల్లలు "ఏంటి, ఏంటి" అని చెయ్యి లాగుతుంటారు. అసలైనది ఒకే సీను రెండు వయసులకూ రెండు రకాలుగా తగలడం. 'ఫైండింగ్ నీమో' (2003) మొదట్లోనే భార్యనూ గుడ్లన్నిటినీ పోగొట్టుకున్న తండ్రి చేప, మిగిలిన ఒక్క గుడ్డును పట్టుకుని, నీకేమీ కానివ్వనని మాట ఇస్తాడు. తర్వాతెప్పుడో, తప్పిపోయిన కొడుకును వెతుకుతూ తిమింగలం నోట్లో ఇరుక్కున్నప్పుడు ఆ మాట గుర్తుచేసుకుని కుమిలిపోతుంటే, తోడొచ్చిన మతిమరుపు చేప డోరీ అంటుంది, ఏమీ కానివ్వకపోతే మరి వాడికి ఎప్పటికీ ఏమీ జరగదు కదా అని. ఎనిమిదేళ్ల పిల్లకు అది డోరీ తింగరి మాట. పక్క సీట్లో ఉన్న తల్లికి, పిల్లను ఒంటరిగా స్కూలు బస్సు ఎక్కించడానికి కూడా టెన్షన్ పడే తల్లికి, అది నేరుగా తనతో అన్న మాట. ఇద్దరూ ఒకే సినిమా చూశారు, ఇద్దరినీ సినిమా గౌరవించింది. నువ్వు "పిల్లలతో కలిసి ఓసారి చూడొచ్చు" అన్నప్పుడు ఇలాంటి సీను అందులో ఉందా లేదా అన్నది పాఠకుడికి చెప్పాలి.

పిల్లల మధ్య కూర్చుని చూడటం మంచిదే. ఎక్కడ కదిలారో, ఎక్కడ నోరు తెరుచుకుని ఉండిపోయారో రాసుకో. కానీ వాళ్లు నవ్వారు కాబట్టి బాగుందని తేల్చేయకు. పిల్లలు దేనికైనా నవ్వగలరు, అది వాళ్ల మంచితనం.

'మహావతార్ నరసింహ' దగ్గరికి వస్తాను, నీ దగ్గర నేను ఎక్కువ ఆశించేది దీని మీదే. 2025 జూలైలో అశ్విన్ కుమార్ దర్శకత్వంలో వచ్చిన ఈ సినిమా, ఒక్క స్టార్ మొహం లేకుండా, మన దేశంలో బొమ్మల సినిమాకు కుటుంబాలు కుటుంబాలుగా జనం కదిలివస్తారని నిరూపించింది. అది చిన్న సంగతి కాదు, నువ్వు సంతోషపడటం న్యాయమే. కానీ రివ్యూ అంతా ఆ సంతోషమే ఉంది. మన ప్రేక్షకుడికి ప్రహ్లాదుడు కొత్తవాడు కాదు. పోతన పద్యాలు చిన్నప్పుడే నోటికి వచ్చినవాళ్లు, 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావును చూసినవాళ్లు ఆ హాల్లో కూర్చున్నారు. స్తంభం పగిలే ముందే వాళ్ల కళ్లు చెమ్మగిల్లాయి. ఆ కన్నీళ్లలో పోతన వాటా ఎంత, ఈ సినిమా వాటా ఎంత? తెలుగులో రాసే విమర్శకుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. మనకు పోతన ఉన్నాడు, కాబట్టి మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

క్లైమాక్స్ యుద్ధానికి నాలుగు పేరాలు ఇచ్చావు. హిరణ్యకశిపుడు తండ్రి కూడా అన్న సంగతి మీద ఒక్క వాక్యం లేదు. భాగవతంలో అతను కొడుకును తొడ మీద కూర్చోబెట్టుకుని, ఏం చదువుకున్నావు నాయనా అని మురిపెంగా అడుగుతాడు. ఆ మురిపెం ఉంది కాబట్టే తర్వాతి క్రూరత్వం అంత భయంకరం. రంగారావు మొహంలో ఆ రెండూ ఒకేసారి కనిపించేవి. మరి ఈ బొమ్మ మొహంలో? కొడుకును చూసేటప్పుడు ఆ కళ్లు ఏమన్నా మారాయా? మారితే ఏ షాట్‌లో? మారకపోతే అది బొమ్మ గీసినవారి పరిమితా, లేక ఆ తండ్రిలో రాక్షసుడు మాత్రమే ఉంటే చాలనుకున్న రచనా? ఇవి రెండూ వేరు వేరు లోపాలు, వేరు వేరుగా చెప్పాలి.

బడ్జెట్ మాట కూడా ఇక్కడే. హాలీవుడ్ పెద్ద స్టూడియోల డబ్బుతో పోల్చి మనవాళ్లను చిన్నబుచ్చడం అన్యాయం. నడకలో బరువు లేదు, అడుగు నేలను తాకినట్టు లేదు అంటే దాని వెనక డబ్బు, సమయం, మనుషులు చాలకపోవడం ఉండొచ్చు, ఆ మాట రాసి అర్థం చేసుకో. కానీ తండ్రీ కొడుకుల మధ్య సంభాషణ పేలవంగా ఉంటే దానికి కోట్లతో పని లేదు, అది కాగితం మీద కుదరాల్సిన పని. మనవాళ్లే కదా అని అక్కడ కూడా జాలి చూపిస్తే, తర్వాతి సినిమా రాసేవాళ్లకు నువ్వు ఏ సాయమూ చేయనట్టే.

చివరగా డబ్బింగ్. మన ఇళ్లలో పిల్లలు ఇప్పుడు చాలా సినిమాలు తెలుగులోనే చూస్తున్నారు, అయినా రివ్యూల్లో ఆ పని గురించి ఎవరూ రాయడం లేదు. ఇంగ్లిష్ మాటకు సరిపోయేలా కదిపిన పెదవుల మీద తెలుగు మాట కూర్చోబెట్టాలి. తెర మీద పెదవులు మూసుకున్నచోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి, లేదంటే కంటికీ చెవికీ పొత్తు కుదరదు. అంత ఇరుకులో తెలుగు జోకు పేల్చాలి. 2019 'లయన్ కింగ్' తెలుగులో అడవిపంది పుంబాకు బ్రహ్మానందం, ముంగిసలాంటి టిమోన్‌కు అలీ గొంతులిచ్చారు. కదలని ఆ మొహాలకు వాళ్లిద్దరూ ప్రాణం పోశారని నా అభిప్రాయం. చూసి నీ అభిప్రాయం చెప్పు, నాతో విభేదించినా సరే, ఏ డైలాగు దగ్గరో రాయి. తెలుగు మాటలు రాసినవారి పేరు టైటిల్స్ చివర్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో వస్తుంది, ఒక్కోసారి వచ్చి వెళ్లిపోతుంది. లేచిపోకుండా కూర్చుని ఆ పేరు రాసుకుని, రివ్యూలో దర్శకుడి పేరుతో పాటు వెయ్యి.

నరసింహ రివ్యూ తిరగరాసి పంపు. స్టార్ రేటింగ్ తీసెయ్యి, క్లైమాక్స్‌ను ఒక్క పేరాకు కుదించు, హిరణ్యకశిపుడితో మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
అన్నయ్య