కొర్రమీను పిల్లల గుంపులను లెక్కపెట్టండి

ప్రశ్న: మా చెరువులో ఏటా బొచ్చె, శీలావతి పిల్లలు వదులుతున్నాం. కానీ కొర్రమీను, వాలుగ, పరక లాంటి నాటు చేపలు బాగా తగ్గిపోయాయి. తొలి వరదకు ఎదురెక్కే చేపను పట్టొద్దని, లోతు మడుగు జోలికి పోవద్దని మా పెద్దలు చెప్పేవారు. అవి పాతకాలపు మాటలని కుర్రాళ్లు కొట్టిపారేస్తున్నారు. వాటిలో శాస్త్రం ఏమైనా ఉందా? మేం ఏం చేయాలి?
– మత్స్య సహకార సంఘం సభ్యుడు

జవాబు: ఆ రెండు మాటలూ నిజమే. తొలి వరదకు ఎదురెక్కే వాలుగ, పరకల్లో చాలా వాటి కడుపు నిండా గుడ్లే ఉంటాయి. కొత్తనీటిలో మునిగిన గడ్డిలో గుడ్లు పెట్టడానికే అవి వాగులోకి వెళ్తాయి. ఆ దారిలో వల కడితే ఒక్క రాత్రిలో బుట్టలు నిండుతాయి, కానీ వచ్చే ఏటి పంటకు తల్లులు అవే. మడుగు సంగతీ అంతే. ఎండలకు నీరు దిగిపోయాక మిగిలిన తల్లి చేపలన్నీ అక్కడికే చేరతాయి. ఆ కాస్త నీటినీ తోడి పట్టేస్తే తొలకరికి గుడ్లు పెట్టే చేపే ఉండదు.

కొర్రమీను విషయంలో ఇంకో మాట కూడా మీ పెద్దలు చెప్పే ఉంటారు: పిల్లల గుంపు కింద ఉన్న తల్లిని కొట్టకూడదని. గట్టువార గడ్డిని పక్కకు నెట్టి కొర్రమీను జంట గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటి మీద తేలుతుంటే, కొన్ని వారాల పాటు కిందే ఉండి కాపలా కాస్తుంది. అప్పుడు గాలానికి గానీ వలకు గానీ అది తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని పట్టిన రోజే ఆ గుంపు మొత్తం మిగతా చేపల నోట్లోకి పోతుంది. ఈ ఒక్క పద్ధతి మానినా కొర్రమీనుకు చాలా మేలు.

కుర్రాళ్లు నమ్మాలంటే పెద్దల మాటకు లెక్క తోడు కావాలి. బ్రెజిల్‌లోని అమెజాన్ ప్రాంతంలో పిరరుకు అనే భారీ చేప ఉంది. అది గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకి వస్తుంది. అనుభవమున్న జాలర్లు ఆ కదలికను, చప్పుడును బట్టి 20 నిమిషాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కకడతారు. శాస్త్రవేత్తలు తమ పద్ధతుల్లో సరిచూస్తే ఆ లెక్కలు బాగా దగ్గరగా వచ్చాయి. అక్కడి మమిరావా రక్షిత ప్రాంతంలో 1999 నుంచి ఈ లెక్క మీదే చేపల వేట నడుస్తోంది. పెద్ద చేపల్లో 30 శాతానికి మించి పట్టరు. కొర్రమీను కూడా పైకొచ్చి గాలి పీల్చే చేపే. అందుకే మీకు ఈ ఉదాహరణ చెబుతున్నాను. వానాకాలంలో వారానికోసారి గట్టు వెంట నడిచి, ఎర్ర పిల్లల గుంపులు ఎన్ని కనిపించాయో ఒక నోటుబుక్కులో రాయండి. చూసే కన్ను పెద్దలది, రాసే చెయ్యి కుర్రాళ్లది కావాలి.

మడుగు విషయంలో థాయిలాండ్‌లోని న్గావో నది చూడండి. అక్కడి కరెన్ తెగ గ్రామాలు నదిలో కొన్ని చోట్ల వేటను పూర్తిగా నిషేధించుకున్నాయి. అవి చిన్న చిన్న ముక్కలే. 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వేట సాగే పక్క ప్రాంతాలతో పోలిస్తే ఆ చోట్ల చేపల మొత్తం బరువు 20 రెట్లకు పైగా ఎక్కువ. మీరు కూడా మడుగు చుట్టూ కర్రలు పాతి హద్దు పెట్టండి. అందరి కంటికీ ఆనే చోటైతే కాపలా కష్టం ఉండదు.

అలాగని పాతదంతా మంచిదని నేననను. ఆకురసం కలిపి చేపకు మత్తెక్కించి పట్టడం కూడా పాత పద్ధతే. అది పిల్లనూ తల్లినీ కలిపి చంపుతుంది. కరెంటు పెట్టడం అంతకన్నా ఘోరం, మనుషుల ప్రాణాలు కూడా పోతాయి. ఇక బొచ్చె, శీలావతి పారే నదిలోనే గుడ్లు పెడతాయి, నిలవ నీటిలో మామూలుగా పెట్టవు. కాబట్టి ఎన్ని కట్టుబాట్లు పెట్టుకున్నా వాటి పిల్లలను బయటి నుంచి తెచ్చి వదలాల్సిందే. వాలుగ, కొర్రమీను పెరిగితే ఆ పిల్లలను తినేస్తాయేమోనని టెన్షన్ ఉంటే, కనీసం 10 సెంటీమీటర్లున్న పిల్లలనే వదలండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను మాత్రం ఎవరు తెచ్చినా నీటిలోకి రానివ్వొద్దు, అది నాటు చేపలను మింగేస్తుంది.

ముందుగా సంఘం సమావేశంలో మూడు తీర్మానాలు రాసుకోండి: తొలి వరద రోజుల్లో వాగు నోట వల కట్టకూడదు, మడుగులో ఏడాది పొడవునా వేట ఉండకూడదు, పిల్లల గుంపున్న చోట గాలం వేయకూడదు. వల కన్ను ఎంత వెడల్పు ఉండాలన్న సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఒకేసారి అన్నీ పెడితే ఏదీ నిలవదు. మొదటి ఏడాది గుంపుల సంఖ్య పెద్దగా పెరగకపోవచ్చు. రెండో వానాకాలం లెక్క చేతికొచ్చాక, నోటుబుక్కు ముందు పెట్టుకుని నిబంధనలు మార్చాలో వద్దో మాట్లాడుకోండి.