మామిడి ఆకుల డీఎన్‌ఏ గోధుమరంగులో వస్తోందా? ఏ పివిపి కొనాలి, ఎప్పుడు కలపాలి

చిత్తూరులో ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం తోతాపురి ఆకుల నుంచి డీఎన్‌ఏ తీస్తున్నానని, పెల్లెట్ (గొట్టం అడుగున చేరే డీఎన్‌ఏ ముద్ద) గోధుమరంగులో వచ్చి పీసీఆర్ (డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతి) పనిచేయడం లేదని రాశారు. పివిపి, అంటే పాలీవినైల్‌పైరోలిడోన్ అనే పాలిమర్ పొడి, కలపమని గైడ్ చెప్పారు, దుకాణంలో మాత్రం కె-30, కె-90, నీళ్లలో కరగని రకం అంటూ మూడు చూపించారు. వీటిలో ఏది తీసుకోవాలి, మందుబిళ్లల్లో వేసేది కూడా ఇదేనా అని మీ ప్రశ్న.

కె-30 తీసుకోండి. ల్యాబ్ సామాన్ల కేటలాగుల్లో అది పివిపి-40 పేరుతో కనిపిస్తుంది. అణుభారం దాదాపు 40,000 కాబట్టి ఆ పేరు.

తిరుపతిలో చదువుకునే రోజుల్లో నా పనంతా మామిడి, ఎర్రచందనం ఆకులతోనే. తర్వాత మాత్రల తయారీలో చేరాను. రెండుచోట్లా ఈ తెల్లపొడితో రోజూ పని పడింది, కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఆకు కణంలో పాలిఫినాల్స్ (వగరునిచ్చే టానిన్ల లాంటి పదార్థాలు) ఒక గదిలో, వాటిని ఆక్సీకరించే ఎంజైములు ఇంకో గదిలో ఉంటాయి. ఆకు నలగ్గానే రెండూ కలుస్తాయి. పాలిఫినాల్స్ ఆక్సీకరణతో క్వినోన్లనే గోధుమరంగు పదార్థాలుగా మారి డీఎన్‌ఏను పట్టుకుంటాయి. ఆ పట్టు ఒకసారి పడిందంటే తర్వాత ఆల్కహాల్‌తో ఎంత కడిగినా వదలదు. పివిపి గొలుసు పొడవునా ఉండే పైరోలిడోన్ వలయాల మీది ఆక్సిజన్, ఫినాల్స్‌లోని హైడ్రాక్సిల్‌తో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది. అంటే డీఎన్‌ఏ దాకా పోకముందే ఫినాల్స్ పివిపికి చిక్కుతాయి. క్లోరోఫాం కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు ఆ చెత్త చాలావరకు మధ్య పొరలో ఆగిపోతుంది.

అందుకే పివిపి ఎంత వేశారన్నదానికంటే ఎప్పుడు వేశారన్నది ముఖ్యం. చాలామంది పెల్లెట్ రంగు చూశాక, రెండో విడతలో కలుపుతారు. అప్పటికి పని చెడిపోయి ఉంటుంది. నూరేటప్పుడే అది ఆకుతో పాటు ఉండాలి. సీట్యాబ్ బఫర్‌లో (కణాలను విప్పే డిటర్జెంట్ ద్రావణం) 2 శాతం పివిపి, వాడే ముందు ఆక్సీకరణను ఆపే మెర్‌కాప్టో ఇథనాల్ కొద్దిగా కలిపి, 65 డిగ్రీల దగ్గర వేడిచేసి సిద్ధంగా పెట్టుకోండి. మోర్టార్‌లో ఆకు పొడి కాగానే ఆ బఫర్ పడాలి. పివిపి లేకుండా నూరిన ముద్ద చూస్తుండగానే డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. ఉన్న ముద్ద పచ్చగానే నిలుస్తుంది. రెండూ పక్కపక్కన ఒక్కసారి చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

ముదురు ఆకులు వద్దు, రాగిరంగులో ఉండే లేత చిగురు కోయండి. మా సీనియర్ అక్క ఈ మాట పదేపదే చెప్పేది, అందులో న్యాయముంది. ముదురు ఆకుల్లో పాలిశాకరైడ్లు (జిగురుగా ఉండే పిండిపదార్థాలు) ఎక్కువ. పివిపి వాటిని ఏమీ చేయలేదు. పెల్లెట్ జిగురుగా, సాగుతూ వస్తే బఫర్‌లో ఉప్పు పెంచాలి తప్ప పివిపి కాదు.

కె-90 అణువు చాలా పెద్దది, ద్రావణం చిక్కబడి పిపెట్‌తో తీయడం కష్టమవుతుంది. ఈ పనికి అనవసరం. కరగని రకాన్ని పివిపిపి అంటారు. దాన్ని ఆకుతో కలిపి నూరి, సెంట్రిఫ్యూజ్‌లో అడుగున వదిలేయవచ్చు. ఎర్రచందనం లాంటి మొండి ఆకులకు నేను కె-30, పివిపిపి రెండూ కలిపి వాడేవాణ్ని.

ఇక మందుల సంగతి. మాత్రల లేబుల్ మీద పొవిడోన్ అని ఉంటుందే, అది ఇదే. వాల్టర్ రెప్పే 1939లో జర్మనీలో పేటెంటు తీసుకున్న పాలిమర్ ఇది. రెండో ప్రపంచయుద్ధంలో రక్తం ప్లాస్మాకు బదులుగా సైనికులకు ఎక్కించారు. పెద్ద అణువులు మూత్రపిండాల గుండా బయటికి పోక కణజాలంలో పేరుకుంటున్నాయని తేలాక ఆ వాడకం తగ్గిపోయింది. మాత్రల్లో మందుపొడిని గుళికలుగా పట్టి ఉంచేందుకు కె-30ని సాధారణంగా 2 నుంచి 5 శాతం దాకా వేస్తారు. నీళ్లలోనూ ఆల్కహాల్‌లోనూ కరగడం దీని గొప్పతనం. తడి తగిలితే పాడయ్యే మందుకు ఆల్కహాల్‌లో కరిగించి వాడుకోవచ్చు. గాయాలకు పూసే బీటాడిన్‌లో అయొడిన్‌ను పట్టుకుని కొద్దికొద్దిగా వదిలేదీ ఇదే. 10 శాతం ద్రావణంలో అందుబాటులో ఉండే అయొడిన్ 1 శాతమే. కరగని రకం మాత్రల్లో క్రాస్‌పొవిడోన్ పేరుతో ఉంటుంది, నీళ్లు తగలగానే ఉబ్బి మాత్రను విరగ్గొడుతుంది.

అలాగని ల్యాబ్ సీసాలోది మాత్రల ప్రయోగాలకు వాడొద్దు. ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథం) గ్రేడులో, పాలిమర్‌గా మారకుండా మిగిలిపోయిన వినైల్‌పైరోలిడోన్ 10 పీపీఎం (పది లక్షల్లో పది పాళ్లు) దాటకూడదన్న నియమం ఉంది, పెరాక్సైడ్లకూ హద్దు ఉంది. మామూలు సీసాకు ఆ పూచీ ఉండదు. మీ ఫార్మసీ స్నేహితులకు కూడా ఈ మాట చెప్పండి.

కొన్నాక మూత బిగించి, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో పెట్టండి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మన దగ్గర గాలిలో తేమకు ఈ పొడి గడ్డకడుతుంది. తేమ పీల్చిన పొడిని తూస్తే బరువులో కొంత నీళ్లే, మీ 2 శాతం లెక్క తప్పుతుంది. కలిపేటప్పుడు అంతా ఒకేసారి కుమ్మరించకుండా, స్టిర్రర్ తిరుగుతుండగా కొంచెం కొంచెం చల్లండి, ఉండలు కట్టదు. ఇంకా రంగు వస్తుంటే బఫర్ పాళ్లు, ఆకు బరువు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.